ఇంట్లో వినపడుతుంది, దావత్‌లో అర్థం కాదు: కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారి మెదడు రొదలో ఏం చేస్తుంది?

ఆపరేషన్ అయింది. కొన్ని వారాల తర్వాత మిషన్ ఆన్ చేశారు. ఏడాది, రెండేళ్లు థెరపీకి తిప్పారు. ఇప్పుడు ఇంట్లో వెనక నుంచి పిలిచినా పిల్లవాడు తిరిగి చూస్తున్నాడు, చెప్పింది చేస్తున్నాడు, అడిగితే జవాబు ఇస్తున్నాడు. ఇల్లంతా సంతోషం. ఆ తర్వాత ఒకరోజు బంధువుల షాదీకని ఫంక్షన్ హాల్‌కు తీసుకెళ్తారు. అక్కడ చాచా పక్కనే నిలబడి "ఏ క్లాస్ బేటా?" అని మూడుసార్లు అడిగినా పిల్లవాడు బిత్తరచూపులు చూస్తాడు. చుట్టాల్లో ఎవరో ఒకరు అననే అంటారు: "ఇంత పెద్ద ఆపరేషన్ చేయించారు, ఏం లాభం? వినపడనే లేదు కదా."

ఇలాంటి మాట పడ్డాక కొన్ని ఇళ్లలో మిషన్ మీద నమ్మకం పోతుంది. థెరపీకి వెళ్లడం తగ్గుతుంది. ఇంకొన్ని ఇళ్లలో కోపం పిల్లల మీదకు మళ్లుతుంది. "ఇంట్లో వినపడింది ఇక్కడెందుకు వినపడదు? కావాలనే చేస్తున్నాడు" అని కసురుతారు. పెద్ద వయసులో ఇంప్లాంట్ పెట్టించుకున్నవారైతే ఎవరూ అనకముందే తామే నలుగురిలోకి రావడం తగ్గించేస్తారు.

మిషన్ పాడవలేదు. పిల్లవాడు నాటకం ఆడటం లేదు. నిశ్శబ్దంలో మాట వినడం, రొదలో మాట వినడం అనేవి ఒకే పనికి చిన్న సైజు, పెద్ద సైజు కావు. రెండూ వేర్వేరు పనులు. మొదటిదానికి ఇంప్లాంట్ ఇచ్చేది సరిపోతుంది. రెండోదానికి మెదడు వాడుకునే ఆధారాల్లో చాలా భాగం ఇంప్లాంట్ నుంచి రావు. ఎందుకు రావో తెలిస్తే, ఫంక్షన్ హాల్‌లో ఆ పిల్లవాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా తెలుస్తుంది.

మూడున్నర వేల కణాల పని, 22 ఎలక్ట్రోడ్లతో

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగం పేరు కాక్లియా. విప్పి చూస్తే మూడున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుందంతే. దాని పొడవునా సన్నని వెంట్రుకల్లాంటి తంతువులున్న కణాలు వరుసగా ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించే ముఖ్యమైన కణాలు ఒక్కో చెవిలో 3,500 వరకు. ఈల లాంటి సన్నని శబ్దాలకు మొదట్లో ఉన్న కణాలు, ఢోలు లాంటి బొంగురు శబ్దాలకు లోపలి చివర ఉన్నవి స్పందిస్తాయి. హార్మోనియం మెట్ల వరుసలాగా అనుకోండి. అక్కడి నుంచి దాదాపు 30 వేల నరాల పోగులు ఆ సమాచారాన్ని మెదడుకు మోసుకెళ్తాయి.

పుట్టుకతోనో, జబ్బు వల్లనో ఈ కణాలు పోయినప్పుడు మామూలు చెవి మిషన్ ఎంత గట్టిగా వినిపించినా అందుకునేవాళ్లు లోపల లేరు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను పక్కనపెట్టి నేరుగా శ్రవణ నాడికే సన్నని కరెంటు ఇస్తుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి, ముక్కలు చేసి, చర్మం కింద ఉన్న భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలో ఉన్న ఎలక్ట్రోడ్లకు వెళ్తుంది. కంపెనీని బట్టి ఈ ఎలక్ట్రోడ్లు 12 నుంచి 22 వరకు ఉంటాయి.

మూడున్నర వేల చోట 22. లెక్క అక్కడితో కూడా ఆగదు. కాక్లియా లోపల ద్రవం ఉంటుంది. ద్రవంలో కరెంటు ఒక్కచోట నిలవదు, పక్కలకు పాకుతుంది. ఒక ఎలక్ట్రోడ్ ఇచ్చిన సంకేతం పక్కదాని ప్రాంతంలోకి కూడా వెళ్తుంది. అందుకే 22 ఎలక్ట్రోడ్లు ఉన్నా మెదడుకు విడివిడిగా అందే దారులు చాలామందిలో ఎనిమిదికి మించవని పరిశోధనల్లో తేలింది.

మరి ఎనిమిది దారులతో మాట ఎలా అర్థమవుతోంది? దీనికి జవాబు 1995లో అమెరికాలో రాబర్ట్ షానన్ బృందం చేసిన ప్రయోగంలో దొరికింది. వాళ్లు మామూలు మాటలను తీసుకుని, అందులోని సూక్ష్మ వివరాలన్నీ తీసేసి, నాలుగే నాలుగు పట్టీలుగా మిగిల్చారు. ఒక్కో పట్టీలో శబ్దం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్న హెచ్చుతగ్గులు మాత్రమే ఉంచారు. వినడానికి గరగరమంటూ గుసగుసలా ఉంటుంది. అయినా మామూలు వినికిడి ఉన్నవారు కొద్దిపాటి అలవాటుతో దాదాపు అన్ని వాక్యాలూ చెప్పగలిగారు. మాట అనేది అంత గట్టి సరుకు. ఎంత నలిపినా అర్థం మిగులుతుంది, చుట్టూ నిశ్శబ్దం ఉన్నంతవరకు.

1957లో పారిస్‌లో మొదటిసారి శ్రవణ నాడికి కరెంటు ఇచ్చి చూశారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఎక్కువ ఎలక్ట్రోడ్లున్న ఇంప్లాంట్ పెట్టారు. ఇంత తక్కువ సమాచారంతో మాట అర్థమవుతుందని అప్పట్లో నమ్మని డాక్టర్లే ఎక్కువ. క్లార్క్‌కు, ఆస్ట్రియాకు చెందిన ఇంగెబోర్గ్ హోచ్‌మైర్‌కు, అమెరికాకు చెందిన బ్లేక్ విల్సన్‌కు 2013లో లాస్కర్ అవార్డు ఇచ్చారు. వాళ్లు నమ్మింది ఒక రకంగా మిషన్‌ను కాదు, మెదడును.

గొంతులను విడదీసే మూడు తాళ్లు

1953లో కోలిన్ చెర్రీ అనే ఇంజనీర్ ఒక ప్రశ్న వేసుకున్నారు. పార్టీలో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్కరి మాటను మనం ఎలా పట్టుకుంటున్నాం? ఆయన రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపించి, ఒకదాన్ని మాత్రమే తిరిగి చెప్పమన్నారు. విన్నవాళ్లు ఆ పని సులువుగానే చేశారు. పట్టించుకోని చెవిలో మాట మధ్యలో ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కు మారినా చాలామందికి తెలియనే లేదు! కానీ మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం గమనించారు. రెండు మాటలనూ ఒకే గొంతుతో, రెండు చెవులకూ కలిపి వినిపిస్తే విడదీయడం చాలా కష్టమైంది.

మెదడు రొదలో దేన్ని పట్టుకుని వేలాడుతుందో ఈ ప్రయోగంలోనే ఉంది. మొదటిది గొంతు శ్రుతి. మీ అమ్మీ గొంతుకు ఒక శ్రుతి, పక్కింటి ఆంటీ గొంతుకు ఇంకో శ్రుతి. మెదడు ఆ శ్రుతిని దారంలా పట్టుకుని, ఆ దారానికి ఉన్న అక్షరాలన్నీ ఒక మనిషివే అని కలుపుకుంటూ పోతుంది. రెండోది దిక్కు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అది చాలు మెదడుకు. మూడోది సందులు. రొద ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. పక్కవాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడు, పాట ఒక్క క్షణం తగ్గినప్పుడు, ఆ సందులోంచి మనకు కావలసిన మాట ముక్క దొరుకుతుంది.

ఇప్పుడు ఇంప్లాంట్ సంగతి చూడండి. శబ్దంలోని హెచ్చుతగ్గులను ప్రాసెసర్ బాగా పంపుతుంది. శ్రుతిని మోసే సూక్ష్మమైన అలలను చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఇంప్లాంట్ ఉన్న చాలామందికి పాటలో రాగం సరిగా తెలియదు, ఫోన్‌లో మాట్లాడేది భయ్యా నా బాజీ నా అన్నదీ కొన్నిసార్లు తెలియదు. మొదటి తాడు అలా సన్నబడింది. మన దగ్గర ఎక్కువమందికి ఒక్క చెవికే ఇంప్లాంట్ ఉంటుంది, కాబట్టి దిక్కు తెలిసే అవకాశం లేదు. రెండో తాడు తెగింది. రెండు చెవులకూ ఉన్నా రెండు ప్రాసెసర్లూ ఆ వెయ్యో వంతు తేడాను కచ్చితంగా కలిపి పంపలేవు. అయితే రొదకు దూరంగా ఉన్న చెవిని వాడుకునే లాభం మాత్రం బాగానే ఉంటుంది.

సందుల సంగతి ఇంకా విచిత్రం. మామూలు చెవి ఉన్నవారికి ఫ్యాన్ లాంటి ఆగని రొద కన్నా, మధ్యమధ్యలో తగ్గే రొదలో వినడం సులువు. ఇంప్లాంట్ ఉన్నవారికి ఆ లాభం దాదాపు దొరకదని పరిశోధనల్లో పదేపదే కనిపించింది. ఒక్కోసారి పక్కన ఇంకో మనిషి మాట్లాడటమే ఎక్కువ ఇబ్బంది. ఎందుకంటే ఆ సందులో దొరికిన ముక్క కావలసినవారి మాటదా, పక్కవారి మాటదా అని చెప్పడానికి శ్రుతి అనే దారం లేదు కదా. రెండూ కలిసి ఒకే ముద్ద అవుతాయి.

మెదడు ఈ విడదీసే పనిని ఎంత గట్టిగా చేస్తుందో 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నీమా మెస్‌గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ చూపించారు. ఫిట్స్ ఆపరేషన్ కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగులకు ఇద్దరి మాటలు కలిపి వినిపించి, ఒక్కరినే వినమన్నారు. మెదడు సంకేతాల నుంచి శబ్దాన్ని తిరిగి కట్టి చూస్తే, చెవిలోకి ఇద్దరి మాటలూ వెళ్లినా, వినికిడికి సంబంధించిన మెదడు భాగంలో ప్రధానంగా కనిపించింది ఒక్కరి మాటే. వినాలనుకున్న మనిషిది. అంటే మనం చెవితో వినేది ఒకటి, మెదడు ఉంచుకునేది ఇంకొకటి. ఇంప్లాంట్ ఉన్నవారి మెదడుకూ ఈ ఏరుకునే శక్తి ఉంది. ఏరుకోవడానికి వీలుగా విడివిడి గింజలు రావడం లేదు, అదీ సమస్య.

ఖాళీలు నింపే పని

తాళ్లు సన్నబడ్డాక మెదడుకు మిగిలేది ఊహ. ఇది మనమందరం రోజూ చేసేదే. 1970లో రిచర్డ్ వారెన్ ఒక ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క అక్షరం శబ్దాన్ని కత్తిరించి ఆ చోట దగ్గు పెట్టారు. విన్న 20 మందిలో 19 మంది ఏ అక్షరమూ పోలేదన్నారు. మిగిలిన ఒక్కరు పోయిందన్నారు గానీ, పోయింది ఏదో తప్పు చెప్పారు. చెవికి రాని అక్షరాన్ని మెదడు తనే తయారు చేసి "వినిపించింది" అని చెప్పేసింది.

ఇంప్లాంట్ ఉన్నవారు ఈ పని వాక్యం వాక్యానికీ చేయాలి. ఏ అక్షరాలు ఎక్కువగా పోతాయి? హల్లుల్లో నోటిలో ఏ చోట పుడుతుందన్న తేడా ఇంప్లాంట్‌లో బాగా దెబ్బతింటుంది. ప, త, క లాంటివి. "పాలు తెచ్చావా", "తాలు తెచ్చావా", "కాలు తెచ్చావా" మూడూ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి. ఉర్దూలో బాత్, రాత్, హాత్, సాత్ అంతే. ఇంట్లో వంటగది దగ్గర అడిగితే పాలు అని ఊహించడం కష్టం కాదు. ఫంక్షన్ హాల్‌లో ఎవరు ఏ సంగతి మాట్లాడుతున్నారో తెలియనప్పుడు ఊహకు ఆధారం ఏది?

నాకు ఇంకొకటి కూడా అనిపిస్తుంది. మన తెలుగులో అసలు సంగతంతా మాట చివర ఉంటుంది. "వెళ్లు" అన్నదానికీ "వెళ్లకు" అన్నదానికీ చివర ఒక్క అక్షరమే తేడా. "తిన్నాడు", "తిన్నాడా", "తిన్నారా" కూడా అంతే. మాట్లాడేటప్పుడు మనం ఆ చివరి అక్షరాన్నే మింగేస్తుంటాం. ఆటో పక్క నుంచి వెళ్తుంటే ఆ "కు" పోతుంది. "రోడ్డు మీదకు వెళ్లకు" అంటే "వెళ్లు" అని విన్న పిల్లవాడిని మాట వినలేదని కొడతారు.

కళ్లు ఆదుకునేది ఇక్కడే. చెవికి అందని ప, త, క తేడా పెదాల మీద కొంతవరకు కనిపిస్తుంది. "ప"కు పెదాలు మూసుకుంటాయి, "క"కు మూసుకోవు. సరిగ్గా ఇంప్లాంట్ వదిలేసినదాన్నే కన్ను పట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంప్లాంట్ పెట్టించుకుని సంవత్సరాలు గడిచినా వీళ్లు పెదాలు చదవడంలో మామూలువారి కంటే చాలా ముందున్నారని, చూసిందీ విన్నదీ కలపడంలో ఇంకా నేర్పరులని తేలింది. కాబట్టి "పెదాలు చూడకు, చెవితో విను" అని ఎప్పుడూ అడ్డుకోవడం సరికాదు. థెరపీ గదిలో శిక్షణ కోసం నోరు కప్పి చెప్పించడం వేరు, దావత్‌లో వేరు.

బడ్జెట్ అయిపోతుంది

నేను చదివింది బీకాం, అందుకే ఇది నాకు ఖర్చుల లెక్కలాగే అర్థమైంది. మెదడుకు ఏ క్షణంలోనైనా ధ్యాస అనే సొమ్ము కొంతే ఉంటుంది. మామూలు చెవి ఉన్నవాళ్లకు మాటను గుర్తుపట్టడానికి అందులో చాలా తక్కువ ఖర్చవుతుంది. మిగిలినదాన్ని అర్థం చేసుకోవడానికి, గుర్తుపెట్టుకోవడానికి, జవాబు ఆలోచించడానికి వాడతారు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు రొదలో ఆ సొమ్మంతా గుర్తుపట్టడానికే అయిపోతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు, కొలవగలిగింది. మనసు పెట్టి కష్టపడుతున్నప్పుడు కంటిపాప పెద్దదవుతుంది. వాక్యాలు వినిపిస్తూ కంటిపాపను కొలిస్తే, శబ్దంలో వివరం తగ్గేకొద్దీ పాప మరింత పెద్దదవుతుందని కనిపించింది. జవాబు సరిగ్గా చెప్పినప్పుడు కూడా! మార్కుల లెక్కలో ఇద్దరికీ పదికి పది, ఖర్చులో మాత్రం ఒకరికి రూపాయి, ఇంకొకరికి పది. మామూలువారిలో వాక్యం పూర్తయ్యేసరికి ఆ శ్రమ దిగిపోతుంది. ఇంప్లాంట్ ఉన్నవారిలో వాక్యం అయ్యాక కూడా కొనసాగుతుంది, ఎందుకంటే వాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి పోయిన ముక్కను అతికించుకుంటున్నారు. ఆలోపు ఎదుటివారు తర్వాతి వాక్యం మొదలుపెట్టేస్తారు.

మా ఖాలా మనవరాలు స్కూల్ నుంచి రాగానే ప్రాసెసర్ తీసి మంచం మీద పెట్టేసేది. అరగంట ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇంట్లో అందరూ మొండి అనుకున్నారు. 50 మంది పిల్లలున్న క్లాసులో, ఫ్యాన్ల చప్పుడులో, పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ ఖర్చు చేసి వచ్చిన పిల్ల అది. ఇప్పుడు ఆ అరగంట ఆమెకు వదిలేస్తారు. తర్వాత తనే పెట్టుకుని వచ్చి కూర్చుంటుంది.

మెదడుకు వయసుతో ఉన్న పేచీ

ఊహించడానికి మెదడులో భాష ఉండాలి. ఇక్కడే పుట్టుకతో వినపడని పిల్లలకూ, మధ్యలో వినికిడి పోయిన పెద్దలకూ దారులు వేరవుతాయి. నలభై ఏళ్లు మాటలు విని, తర్వాత వినికిడి పోయిన మనిషి దగ్గర భాష నిండుగా ఉంది. కొత్త గరగర శబ్దాన్ని పాత మాటలతో జత చేసుకోవాలి. కొన్ని నెలలు పడుతుంది. వినికిడి పోయి ఎన్నేళ్లయింది అన్నది ఇక్కడ ముఖ్యం, ఎంత తక్కువైతే అంత మేలు.

పుట్టుకతో వినపడని పిల్లల్లో మెదడులోని వినికిడి భాగమే శబ్దం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎక్కువ కాలం ఎదురుచూడదు. అమెరికాలో అనూ శర్మ బృందం పిల్లల మెదడు తరంగాలను కొలిచి 2002లో చెప్పింది ఏమిటంటే, మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే మెదడు స్పందన కొన్ని నెలల్లోనే వయసుకు తగ్గట్టు మారుతుంది, ఏడేళ్లు దాటాక పెడితే చాలామందిలో అది వెనకబడే ఉంటుంది. ఆరోగ్యశ్రీలోనైనా, కేంద్రం అడిప్ పథకంలోనైనా వయసు పరిమితి పెట్టడం వెనక ఉన్న కారణం ఇదే. "ఇంకా చిన్నవాడు, మాటలు ఆలస్యంగా వస్తాయి, వాళ్ల అబ్బాకూ అలాగే వచ్చాయి" అని నానీ, దాదీ చెప్పే మాట వల్ల ఎన్ని నెలలు పోతాయో!

ఇంకో మాట మన ఇళ్లకే ప్రత్యేకం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గల్లీలో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్. ఇంప్లాంట్ అయిన పిల్లవాడితో "ఒక్క భాషలోనే మాట్లాడండి, ఇంగ్లిష్ అయితే మంచిది" అని కొందరు సలహా ఇస్తారు. దాంతో ఇంగ్లిష్ సరిగా రాని అమ్మీ వచ్చిన నాలుగు ముక్కలే మాట్లాడుతుంది. ఇది నష్టమని నా అభిప్రాయం. ఇంప్లాంట్ ఉన్న పిల్లలు రెండు భాషలు వింటే మొదటి భాష పాడవుతుందని పరిశోధనల్లో కనిపించలేదు. పైగా మామూలు చెవి ఉన్నవారికి కూడా రొదలో సొంత భాష కంటే రెండో భాష ముందే జారిపోతుంది, ఎందుకంటే ఊహ సొంత భాషలోనే వేగంగా పరిగెడుతుంది. కథలు, కబుర్లు, తిట్లు, ముద్దులు అన్నీ ధారాళంగా వచ్చే భాషలో అమ్మ మాట్లాడితేనే పిల్లవాడి దగ్గర ఊహకు పెట్టుబడి చేరుతుంది.

ఫంక్షన్ హాల్‌లో ఏం చేయాలి

మెదడుకు సాయం చేయడమంటే మాటకూ రొదకూ మధ్య తేడా పెంచడమే. మామూలు వినికిడి ఉన్నవారు రొద మాట కంటే కాస్త ఎక్కువున్నా సగం మాటలు పట్టేస్తారు. ఇంప్లాంట్ ఉన్న చాలామందికి మాటే రొద కంటే పైన ఉండాలి. దీనికి అన్నింటికంటే చవకైన ఉపాయం దగ్గరకు రావడం. బయట ఖాళీ చోట దూరం సగం చేస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండు మీటర్ల నుంచి అరచే చాచా అర మీటరుకు వచ్చి మామూలుగా మాట్లాడితే చాలు. మార్బుల్ ఫ్లోర్, ఎత్తు కప్పు ఉన్న హాళ్లలో మాట గోడలకు తగిలి తిరిగొచ్చి అక్షరాల మీద అక్షరాలు పడతాయి, కాబట్టి అక్కడ దగ్గరకు రావడం ఇంకా అవసరం.

అరవడం ఎందుకు పనిచేయదంటే, కరెంటుతో వినేటప్పుడు వినీవినపడనిదానికీ భరించలేనిదానికీ మధ్య ఉండే ఖాళీ చాలా ఇరుకు. ప్రాసెసర్ లోకంలోని అన్ని శబ్దాలనూ ఆ ఇరుకులోకి కుదించాలి. గట్టి శబ్దం రాగానే అది తనంతట తానే తగ్గించేస్తుంది. వంటమనిషి గిన్నె పడేస్తే, ఆ క్షణంలో పక్కనున్నవారి మాట కూడా తగ్గిపోతుంది. అరిస్తే అచ్చుల ఆకారం కూడా మారిపోతుంది. కాస్త నెమ్మదిగా, చివరి అక్షరం మింగకుండా, ముఖం కనిపించేలా మాట్లాడితే ఎక్కువ ఉపయోగం. మొదట భుజం తట్టి, సంగతి ఏమిటో ఒక్క మాటలో చెప్పండి: "స్కూల్ గురించి అడుగుతున్నా." అప్పుడు మెదడు ఊహించాల్సిన మాటల కుప్ప చిన్నదవుతుంది. అర్థం కాకపోతే అదే వాక్యం మూడోసారి చెప్పే బదులు మాట మార్చి చెప్పండి. పోయిన అక్షరం అక్కడే ఉంటే మళ్లీ పోతుంది కదా.

కూర్చునే చోటు విషయానికొస్తే, కొత్త ప్రాసెసర్లలో చాలావాటికి ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకునే మైకులు ఉంటాయి. కాబట్టి డీజే బాక్సులు, వంటశాల వీపు వైపు ఉండేలా, మాట్లాడేవారు ఎదురుగా ఉండేలా, మూలన ఒక టేబుల్ చూసుకోవాలి. స్కూల్లో ముందు బెంచీ, కిటికీకి దూరం. టీచర్ మెడలో వేసుకునే చిన్న వైర్‌లెస్ మైకు దొరుకుతుంది. టీచర్ గొంతు నేరుగా ప్రాసెసర్‌కు వెళ్తుంది కాబట్టి రొద సమస్యకు ఇప్పుడున్న వాటిలో బాగా పనిచేసేది అదే. ధర మాత్రం తేలిక కాదు. ఇంప్లాంట్ లేని చెవిలో కొంచెమైనా వినికిడి మిగిలి ఉంటే దానికి మామూలు చెవి మిషన్ తీసేయకండి. బొంగురు శబ్దాలు, గొంతు శ్రుతి ఆ చెవి నుంచి కొంత వస్తాయి. తెగిపోయిందన్న మొదటి తాడుకు అది ముడి వేస్తుంది.

ఈ విషయాలన్నీ పరీక్షించి చెప్పాల్సింది ఆడియాలజిస్ట్. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియా, అలీగఢ్ యూనివర్సిటీలకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయిన మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరే దానికి పెట్టారు. ముంబైలో ఉన్న దాని ప్రధాన సంస్థే అడిప్ పథకం కింద పిల్లల ఇంప్లాంట్ల వ్యవహారం చూస్తుంది.

మ్యాపింగ్‌కు వెళ్లినప్పుడు చాలామంది తల్లిదండ్రులు "బానే ఉంది" అనో "వినపడట్లేదు" అనో ఒక్క ముక్కలో చెప్పి వచ్చేస్తారు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, పిల్లవాడు అక్కడ బాగానే చెప్తాడు, సెట్టింగ్ మారదు. రొదలో కూడా మాట పరీక్ష చేయమని అడగండి. ఏ చోట, ఎవరి గొంతు, ఎంత దూరం నుంచి, వెనక ఏ చప్పుడు ఉన్నప్పుడు అర్థం కాలేదో వారం రోజులు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రొద కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టే వీలు చాలా ప్రాసెసర్లలో ఉంది. అది మీ పిల్లవాడి మిషన్‌లో ఆన్ చేశారా, ఏ బటన్‌తో మారుతుంది అన్నది అడిగి, పిల్లవాడి చేతే ఒకసారి నొక్కించి రండి.